ఫార్మాట్ కొట్టినా పోని చిక్కులు: లినక్స్‌లో హార్డ్‌వేర్ లోపం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

సంక్షిప్తంగా

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత ల్యాప్‌టాప్ ఉన్నవారికి అప్పటి నుంచి లినక్స్ ఒక దారిగా కనిపిస్తోంది. తీరా ఎక్కించాక వైఫై రాకపోయినా, తెర నల్లబడినా, యంత్రం ఉన్నట్టుండి ఆగిపోయినా ‘లినక్స్ ఇంతే’ అనో ‘బోర్డు పోయింది’ అనో ఒక్క మాటతో తేల్చేయడం పరిపాటి అయింది. పరికరానికీ తెర మీది బొమ్మకూ మధ్య నిజానికి నాలుగైదు అంచెలు ఉంటాయి. పని ఏ అంచె దగ్గర ఆగిందో లినక్స్ చాలావరకు తానే రాసిపెడుతుంది. ఆ రాత చదవకుండా ఫార్మాట్ కొడితే సాక్ష్యం చెరిగిపోతుంది, లోపం మాత్రం సాధారణంగా అలాగే ఉంటుంది.

ఈ ప్రశ్న ఇప్పుడే ఎందుకు వచ్చింది?

2021 అక్టోబరులో విడుదలైన విండోస్ 11 కొన్ని షరతులతో వచ్చింది. యంత్రంలో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ప్రాసెసర్ ఇంటెల్‌దయితే దాదాపుగా ఎనిమిదో తరానిదో ఆ తర్వాతిదో అయి ఉండాలి. ఆరో తరం, ఏడో తరం ప్రాసెసర్లున్న ల్యాప్‌టాప్‌లు నిక్షేపంగా పనిచేస్తున్నా ఈ గీతకు అవతలే మిగిలిపోయాయి. విజయవాడ గవర్నర్‌పేటలోనూ గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లోనూ సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనే ఇంజినీరింగ్ విద్యార్థి చేతికి ఇటువంటిదే వచ్చే అవకాశం ఎక్కువ. దాని మీద ఉబుంటు, లినక్స్ మింట్ వంటి లినక్స్ రకాల్లో (డిస్ట్రోల్లో) ఒకటి ఎక్కించడానికి అరగంట చాలు. ఆ తర్వాత ఎదురయ్యే మొదటి హార్డ్‌వేర్ చిక్కు దగ్గరే అసలు తికమక మొదలవుతుంది.

విండోస్ అలవాటు ఇక్కడ అడ్డొస్తుంది. మన ఊళ్లలో కంప్యూటర్ బాగుచేయడమంటే సగం సందర్భాల్లో ఫార్మాట్ కొట్టడమే. ఆ పద్ధతి గుడ్డిదేమీ కాదు. విండోస్‌లో వైరస్, చెడిన డ్రైవర్, పాడైన రిజిస్ట్రీ, పేరుకుపోయిన అనవసర ప్రోగ్రాములు అన్నీ డిస్కు మీదే ఉంటాయి కనుక డిస్కును తుడిచి మళ్లీ ఎక్కిస్తే చాలా చిక్కులు తీరిపోతాయి. పైగా ఫార్మాట్‌కు ఇంత అని ధర ఉంటుంది. గంటసేపు కూర్చుని కారణం వెతికినందుకు ఎవరూ డబ్బు ఇవ్వరు కాబట్టి మెకానిక్ కూడా మొదటిదాన్నే ఎంచుకుంటాడు. లినక్స్‌లో అదే పెన్‌డ్రైవ్‌తో రెండోసారి ఎక్కిస్తే అదే కెర్నల్ (సిస్టమ్‌కు గుండెకాయ వంటి ప్రోగ్రాము), అవే డ్రైవర్లు (పరికరాలను నడిపే ప్రోగ్రాములు), అవే ఫర్మ్‌వేర్ ఫైళ్లు మళ్లీ వచ్చి కూర్చుంటాయి. మొదటిసారి కనిపించని వైఫై కార్డు రెండోసారి కనిపించడానికి కారణమే లేదు.

డ్రైవర్ ఎక్కడి నుంచి వస్తుంది?

విండోస్ పద్ధతిలో పరికరం తయారుచేసిన సంస్థే డ్రైవర్ రాసి విడిగా అందిస్తుంది. లినక్స్‌లో అత్యధిక డ్రైవర్ల సోర్సు కోడ్ కెర్నల్‌లోనే భాగం. 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఆ కెర్నల్ పెరుగుతూ వచ్చిన కొద్దీ డ్రైవర్లు కూడా దాని లోపలికే చేరాయి. విండోస్‌ది ఎవరి క్యారేజీ వారు తెచ్చుకునే పద్ధతి అయితే లినక్స్‌ది పెళ్లి భోజనాల పద్ధతి. లోపల వండినదే అందరికీ వడ్డిస్తారు, ముందుగా వచ్చిన చుట్టాలకు లోటు ఉండదు. నిన్న కాక మొన్న మార్కెట్లోకి వచ్చిన చిప్పుకు మాత్రం ఇంకా విస్తరి వేసి ఉండకపోవచ్చు.

కొత్తవారిని తరచుగా ఆశ్చర్యపరిచే ఒక తేడా ఇందులోంచే పుడుతుంది. పదేళ్ల నాటి యంత్రం ఏ డ్రైవర్ సీడీ లేకుండా సజావుగా నడుస్తుంది, ఈ ఏడాది కొన్న ఖరీదైన ల్యాప్‌టాప్‌లో వైఫై గాని శబ్దం గాని రాదు. అందుచేత ‘ఈ కార్డు లినక్స్‌లో పనిచేస్తుందా?’ అనే ప్రశ్న అసంపూర్ణం. ‘ఏ కెర్నల్ వెర్షన్ నుంచి పనిచేస్తుంది, ఈ యంత్రంలో ఉన్నది ఏ వెర్షన్?’ అన్నది సరైన ప్రశ్న. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 24.04 మొదట 6.8 కెర్నల్‌తో వచ్చింది. అదే ఏడాది వచ్చిన లినక్స్ మింట్ 22కు పునాది అదే. 2023లో వచ్చిన మరో డిస్ట్రో డెబియన్ 12లో ఉన్నది 6.1. ఆ తర్వాత తయారైన చిప్పును ఇవి గుర్తించకపోతే అది లోపం కింద లెక్క కాదు, కాలం తేడా. ఉబుంటు తన దీర్ఘకాలిక విడుదలలకు కొత్త కెర్నల్‌ను తర్వాత విడిగా అందించడం ఈ తేడాను పూడ్చడానికే.

డ్రైవర్‌తో పాటు ఫర్మ్‌వేర్ అనే మరో సరుకు ఉంది. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. డ్రైవర్ కంప్యూటర్ ప్రాసెసర్ మీద నడుస్తుంది. ఫర్మ్‌వేర్ వైఫై, గ్రాఫిక్స్ చిప్పుల లోపల నడుస్తుంది. ఈ చిప్పుల్లో చాలావాటికి సొంతంగా శాశ్వత జ్ఞాపకం ఉండదు కనుక యంత్రం వెలిగిన ప్రతిసారీ డ్రైవర్ ఒక ఫైలును తీసి చిప్పులోకి ఎక్కించాలి. ఆ ఫైలు తయారీదారుదే, దాని సోర్సు కోడ్ బయటికి రాదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సూత్రానికి కట్టుబడిన డెబియన్ చాలాకాలం ఈ ఫైళ్లను అధికారిక ఇన్‌స్టాలర్‌కు బయటే ఉంచింది. 2022లో సభ్యుల ఓటింగు జరిగాక డెబియన్ 12 నుంచి లోపలికి రానిచ్చింది. ‘డెబియన్‌లో వైఫై రాదు, ఫర్మ్‌వేర్ వేరే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవాలి’ అనే పాత సలహా ఇప్పటికీ చలామణీలో ఉంది. సలహా పుట్టిన ఏడాది చూడకుండా పాటించకూడదనడానికి ఇది మంచి ఉదాహరణ.

ఏ అంచె దగ్గర ఆగింది?

ముందుగా ఒక మాట. ఈ వ్యాసంలో ఆదేశాల పేర్లను తెలుగు ఉచ్చారణలో రాయడం జరిగింది. టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

అడుగున లోహం, సిలికాన్‌లతో చేసిన పరికరం ఉంటుంది. దాని మీద, యంత్రం వెలగగానే ముందుగా నడిచే బయోస్ లేదా యూఈఎఫ్ఐ అమరికలు, ఆపైన కెర్నల్ డ్రైవర్, దానికి తోడు ఫర్మ్‌వేర్, ఆ తర్వాత నెట్‌వర్క్ మేనేజర్ వంటి సేవలు, చిట్టచివర మనం నొక్కే బొమ్మ. బొమ్మ దగ్గర కనిపించే లక్షణం ఒకటే అయినా దాని మూలం వీటిలో ఎక్కడైనా ఉండవచ్చు. వెతుకులాట అడుగు నుంచి పైకి సాగాలి. కొత్తవారు సాధారణంగా పైనుంచి మొదలుపెట్టి సెట్టింగులన్నీ తిరగేసి అక్కడే అలసిపోతారు.

అడుగు అంచెను చూపే ఆదేశాలు రెండు. బోర్డుకు లోపల అతికిన పరికరాల జాబితాను ‘ఎల్ఎస్‌పీసీఐ’ ఇస్తుంది, యూఎస్‌బీ పరికరాలను ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ చూపుతుంది. మొదటిదానికి మైనస్ ఎన్ఎన్‌కే అని చేర్చితే ప్రతి పరికరం పక్కన రెండు సంకేత సంఖ్యలూ, దానిని ఏ డ్రైవర్ పట్టుకుందో చెప్పే వరుసా కనిపిస్తాయి. పెట్టె మీది బ్రాండ్ పేరు కంటే ఈ సంఖ్యలే నమ్మదగినవి. మొదటి సంఖ్య తయారీదారుది, రెండోది చిప్పుది. రియల్‌టెక్‌కు 10ఈసీ, బ్రాడ్‌కామ్‌కు 14ఈ4, ఎన్విడియాకు 10డీఈ. ఇంటెల్ సంఖ్య 8086. తనకు పేరు తెచ్చిన 1978 నాటి ప్రాసెసర్ సంఖ్యనే ఆ సంస్థ తన గుర్తుగా తీసుకుంది. ఒకే మోడల్ పేరుతో అమ్మే ల్యాప్‌టాప్‌లలో కూడా వైఫై కార్డులు వేర్వేరుగా ఉంటాయి. ‘మా స్నేహితుడి దాంట్లో వచ్చింది, నా దాంట్లో రాలేదు’ అనే ఫిర్యాదుకు చాలాసార్లు జవాబు ఈ రెండు సంఖ్యల్లోనే దొరుకుతుంది.

వైఫై: ఒకే లక్షణం, ఐదు కారణాలు

వైఫై బొమ్మే కనిపించలేదనుకుందాం. ఎల్ఎస్‌పీసీఐ జాబితాలో కార్డు పేరే లేకపోతే, యూఎస్‌బీ జాబితాలోనూ లేకపోతే, ఏ డ్రైవర్ ఎక్కించినా ఉపయోగం ఉండదు. కార్డు స్లాటులో వదులైందా, బయోస్‌లో ఆపి ఉందా, కార్డే పోయిందా అని చూడాలి. ఈ ఒక్క పరీక్షతో ఇంటర్నెట్‌లో రాత్రంతా వెతకడం తప్పుతుంది.

పేరు ఉండి, ‘వాడుకలో ఉన్న కెర్నల్ డ్రైవర్’ అనే వరుస లేకపోతే ఆ చిప్పును పట్టుకోవడానికి ఈ కెర్నల్‌లో ఎవరూ ముందుకు రాలేదన్నమాట. కొత్త కెర్నల్ కావాలి, లేదా బ్రాడ్‌కామ్ పాత చిప్పుల మాదిరిగా విడిగా దొరికే డ్రైవర్ కావాలి. ఉబుంటులోనూ మింట్‌లోనూ ఇటువంటి వాటిని వెతికి చూపే డ్రైవర్ల కిటికీ ఒకటి ఉంటుంది.

డ్రైవర్ వరుస ఉండి కూడా వైఫై రాకపోతే మూడో అంచెకు వెళ్లాలి. ‘డీమెసేజ్’ (dmesg) అనే ఆదేశం కెర్నల్ దినచర్యను చూపుతుంది. అందులో ఫర్మ్‌వేర్ ఎక్కలేదనీ, చివర మైనస్ 2 అనీ ఉంటే దాని అర్థం సూటిగా ‘ఫైలు దొరకలేదు’ అని. ఆ ఫైలున్న ప్యాకేజీని ఎక్కించడమే పరిష్కారం. ఇక్కడొక మెలిక ఉంది. ఇంటెల్ వైఫై డ్రైవర్ కొత్త ఫర్మ్‌వేర్‌తో మొదలుపెట్టి ఒక్కొక్క మెట్టే దిగుతూ వెతుకుతుంది. అందువల్ల మూడు నాలుగు మైనస్ 2 వరుసల తర్వాత కొంచెం పాత ఫైలు దొరికి కార్డు చక్కగా పనిచేస్తూ ఉండవచ్చు. ఎర్ర అక్షరాలు కనిపించినంత మాత్రాన అదే రోగమని నిర్ణయించకూడదు. ఆ వరుసల కింద ఏమి జరిగిందో కూడా చదవాలి.

ఫర్మ్‌వేర్ కూడా సవ్యంగా ఎక్కితే ‘ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్’ అనే ఆదేశం చూడాలి. రేడియో ఆపి ఉందో లేదో అది చెబుతుంది. ‘సాఫ్ట్ బ్లాక్’ అని ఉంటే ఆపింది సాఫ్ట్‌వేరే కాబట్టి ఆదేశంతోనే తెరవవచ్చు. ‘హార్డ్ బ్లాక్’ అని ఉంటే ఆపింది పక్కనున్న స్విచ్చో, కీబోర్డు మీది విమానం బొమ్మ మీటో, బయోస్ అమరికో. దాన్ని ఏ ఆదేశమూ తెరవలేదు. ఈ రెండు మాటల తేడా తెలియక మంచి కార్డులను పీకి మార్చిన సందర్భాలు ఉంటాయి.

ఐదో రకం అన్నిటికంటే మోసపూరితమైనది. కార్డు కనిపిస్తుంది, నెట్‌వర్క్‌లు కనిపిస్తాయి, కానీ రౌటర్ పక్కన కూర్చుంటేనే నెట్ వస్తుంది, పక్క గదిలోకి వెళితే పోతుంది. రియల్‌టెక్ ఆర్‌టీఎల్8723బీఈ చిప్పు ఉన్న కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఇది ప్రసిద్ధమైన చిక్కు. ఆ కార్డు మీద యాంటెన్నా కొనలు రెండున్నా తయారీదారులు ఖర్చు తగ్గించుకోవడానికి ఒక్కదానికే తీగ కలిపారు. తీగ ఏ కొనకు ఉందో డ్రైవర్‌కు సరిగ్గా తెలియనప్పుడు అది ఖాళీ కొన నుంచి వినడానికి ప్రయత్నిస్తుంది. డ్రైవర్‌కు ‘యాంట్ సెల్’ (ant_sel) అనే విలువను 1 గానో 2 గానో ఇస్తే సిగ్నల్ ఒక్కసారిగా పెరుగుతుంది. కార్డు, డ్రైవర్, ఫర్మ్‌వేర్ మూడూ మంచివే, వాటి మధ్య ఒక్క సమాచారం మాత్రమే తప్పు. ఫార్మాట్ ఎన్నిసార్లు కొట్టినా ఈ తప్పు దిద్దుకోదు.

వైఫై లేకుండా వైఫైకి కావలసిన ఫైలును దించుకోవడం ఎలా అన్న ప్రశ్నకు తేలికైన జవాబు ఆండ్రాయిడ్ ఫోనులోనే ఉంది. ఛార్జింగ్ కేబుల్‌తో ఫోన్‌ను కలిపి యూఎస్‌బీ టెథరింగ్ నొక్కితే లినక్స్ దాన్ని తీగ నెట్‌వర్క్ కార్డుగానే చూస్తుంది. అదనంగా ఏదీ ఎక్కించనక్కర లేదు.

నిన్నటిదాకా పనిచేసింది, ఇవాళ పోయింది

ఈ ఫిర్యాదు వెనుక తరచుగా ఉండేది కెర్నల్ అప్‌డేట్. కెర్నల్‌లో భాగమైన డ్రైవర్ దానితో పాటే మారుతుంది. బయటి నుంచి సోర్సు తెచ్చి చేత్తో కట్టిన డ్రైవర్ ఆనాటి కెర్నల్‌కు మాత్రమే అతుకుతుంది. అప్‌డేట్‌తో కొత్త కెర్నల్ రాగానే పాత డ్రైవర్ ఎందుకూ కొరగాదు. డీకేఎంఎస్ అనే ఏర్పాటు ప్రతి కొత్త కెర్నల్‌కూ డ్రైవర్‌ను తనంతట తాను మళ్లీ కడుతుంది. ఎక్కడో చూసిన ఆదేశాలను కాపీ చేసి అతికించినవారికి తాము వాడినది ఏ పద్ధతో తెలిసి ఉండదు. అనుమానాన్ని తేల్చుకునే ఉపాయం సులభమే. యంత్రం వెలిగేటప్పుడు ఏ కెర్నల్‌తో మొదలుకావాలో అడిగే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరిచి వెనుకటి కెర్నల్‌ను ఎంచుకోవాలి. అందులో పనిచేసిందంటే పరికరం నిర్దోషి.

సెక్యూర్ బూట్ అనే బయోస్ భద్రతా అమరిక మరో దాగుడుమూతల వ్యవహారం. అది అమల్లో ఉన్నప్పుడు (డిజిటల్) సంతకం లేని డ్రైవర్‌ను కెర్నల్ లోపలికి రానివ్వదు. ఎన్విడియా డ్రైవర్ గాని, చేత్తో కట్టిన వైఫై డ్రైవర్ గాని ఎక్కించేటప్పుడు ఉబుంటు ఒక పాస్‌వర్డ్ పెట్టమని అడుగుతుంది, తర్వాత రీస్టార్ట్‌లో నీలి తెర వచ్చి ఆ పాస్‌వర్డ్‌తో తాళంచెవి నమోదు చేయమంటుంది. ఆ తెర కొన్ని క్షణాలే ఆగుతుంది. అర్థంకాక దాటేసిన వినియోగదారుకు డ్రైవర్ ‘ఎక్కినట్టే’ కనిపిస్తుంది, నడవదు.

నల్ల తెర సంగతి క్లుప్తంగా చాలు. ఎక్కించాక తెర నల్లగా ఉండిపోతే గ్రబ్‌లో ‘నోమోడ్‌సెట్’ అనే పదం చేర్చి వెలిగించడం మందు కాదు, పరీక్ష. తెర తీరును కెర్నల్ గ్రాఫిక్స్ డ్రైవర్ ముట్టుకోకుండా అది ఆపుతుంది. అప్పుడు మసకగానైనా తెర వస్తే తప్పు గ్రాఫిక్స్ డ్రైవర్ దగ్గర ఉందని తేలుతుంది. డ్రైవర్ సరిచేసిన తర్వాత ఆ పదం తీసేయాలి.

ఐదున్నర గంటల తేడా

విండోస్, లినక్స్ రెండూ ఒకే యంత్రంలో పెట్టుకున్నవారికి గడియారం తప్పుతుంది. లినక్స్ నుంచి విండోస్‌కు వెళ్లగానే ఉదయం 10 గంటలకు 4.30 అని చూపుతుంది. బోర్డు మీది చిన్న బ్యాటరీ పోయిందనుకుని దాన్ని మార్చినా తేడా అలాగే ఉంటుంది, సరిగ్గా ఐదున్నర గంటలే ఉంటుంది. జవాబు ఆ అంకెలోనే ఉంది. బోర్డు గడియారంలో లినక్స్ ప్రపంచ ప్రామాణిక సమయాన్ని రాస్తుంది, విండోస్ అక్కడ ఉన్నది స్థానిక సమయమనుకుని చదువుతుంది. భారత కాలమానానికీ ప్రామాణిక సమయానికీ ఉన్న అంతరమే ఆ ఐదున్నర గంటలు. రెంటిలో ఒకదాని అమరిక మార్చితే సరిపోతుంది. బ్యాటరీ నిజంగా పోయినప్పుడు లక్షణం వేరు. కరెంటు తీసి పెట్టిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది, వెబ్‌సైట్లు భద్రతా పత్రాల లోపం చూపుతాయి. హార్డ్‌వేర్ లోపమూ అమరికల లోపమూ ఒకే వేషంలో రావడానికి ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకడం కష్టం.

పరికరమే పాడైనప్పుడు

పైన చెప్పినవన్నీ సాఫ్ట్‌వేర్ వైపు మొగ్గేవి. లోహం వైపు లోపాలకు తమవైన గుర్తులున్నాయి. యంత్రం దానంతట అదే ఆగిపోయిందనుకుందాం. తిరిగి వెలిగించాక ‘జర్నల్‌సీటీఎల్’ ఆదేశానికి మైనస్ బీ, మైనస్ 1 జోడిస్తే కిందటిసారి దినచర్య కనిపిస్తుంది. దాని చివరి వరుసలు సేవలు ఒక్కొక్కటిగా ముగిసినట్టు క్రమంగా ఉంటే ఆపమని ఎవరో చెప్పారన్నమాట. వేడి ప్రమాద స్థాయి దాటిందని కెర్నలే ఆపి ఉంటే ఆ మాట కూడా అక్కడే నమోదై ఉంటుంది. మధ్యలో వాక్యం తెగినట్టు ఠక్కున ఆగిపోతే కరెంటు, అడాప్టర్, బోర్డు, వేడికి బోర్డే కత్తిరించుకోవడం, లేదా కెర్నల్ పూర్తిగా బిగుసుకుపోవడం అనే దిశగా వెతకాలి. బ్యాటరీ చచ్చిపోయి అడాప్టర్ మీదే నడుస్తున్న ల్యాప్‌టాప్‌కు కరెంటు ఒక్క క్షణం ఊగినా చాలు.

వేడి సంగతి మన ప్రాంతానికి ప్రత్యేకంగా వర్తిస్తుంది. మే నెలలో 42, 43 డిగ్రీల ఎండ విజయవాడకు కొత్త కాదు, పల్నాడులోని రెంటచింతల పేరే ఎండతో ముడిపడింది. ఫ్యాను చుట్టూ ఉన్న గాలితోనే ప్రాసెసర్‌ను చల్లబరచాలి కనుక 25 డిగ్రీల ఏసీ గదిలో 75 దగ్గర నిలిచే ప్రాసెసర్ అదే పనికి 42 డిగ్రీల గదిలో సుమారు 92కు చేరుతుంది. ఇంటెల్ ప్రాసెసర్లు సాధారణంగా 100 డిగ్రీలకు దగ్గరవుతూనే వేగం తగ్గించుకుంటాయి. వేసవి మధ్యాహ్నం ‘లినక్స్ నెమ్మదించింది’ అని తోస్తే ‘సెన్సర్స్’ అనే ఆదేశంతో డిగ్రీలు చూడటం, డీమెసేజ్‌లో వేగం తగ్గించిన సంగతి వెతకడం ముందు చేయవలసిన పని. దుమ్ము పట్టిన ఫ్యానుకూ ఎండిపోయిన థర్మల్ పేస్టుకూ ఏ ఆపరేటింగ్ సిస్టమూ మందు కాదు.

డిస్కు తన ఆరోగ్యాన్ని తానే లెక్కరాసుకుంటుంది. ‘స్మార్ట్‌సీటీఎల్’ ఆ లెక్కను చదువుతుంది. సాటా డిస్కుల్లో చూడవలసినవి ప్రధానంగా మూడు వరుసలు. ఐదో నంబరు చెడిపోయి బదులు కేటాయించిన భాగాల లెక్క. 197 ఇంకా తేలని అనుమానపు భాగాల లెక్క. ఇవి సున్నా దాటి పెరుగుతుంటే ముందు ఫైళ్లను వేరేచోటికి ఎత్తాలి, మిగతా పరిశోధన తర్వాత. మూడోది 199, దీని కథ వేరు. డిస్కుకూ బోర్డుకూ మధ్య ప్రయాణంలో సమాచారం చెడిన సందర్భాలను ఇది లెక్కిస్తుంది కనుక డెస్క్‌టాప్‌లో ఇది పెరుగుతుంటే మొదటి అనుమానం డిస్కు మీద కాదు, కేబుల్ మీద. కేబుల్ మార్చినా ఆ అంకె సున్నాకు రాదు. అక్కడితో పెరగడం ఆగిందా అన్నదే గమనించాలి.

ర్యామ్ లోపం మాత్రం స్పష్టమైన సంతకం వదలదు. ఒకసారి బ్రౌజర్ మూతపడుతుంది, ఒకసారి అప్‌డేట్ ఫైలు చెడింది అంటుంది, ఒకసారి ఇన్‌స్టాలేషన్ మధ్యలో ఆగుతుంది. ప్రతిసారీ వేరే చోట తప్పు రావడమే దాని గుర్తు. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ప్లస్‌ను రాత్రంతా నడిపితే ఒక్క తప్పు కనిపించినా ర్యామ్ స్టిక్కులను ఒక్కొక్కటిగా తీసి, స్లాటు మార్చి మళ్లీ పరీక్షించాలి. మన మెకానిక్‌లు ర్యామ్ అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెట్టడం చాదస్తం కాదు. అంచు మీది మురికి పొర పోయి స్పర్శ కుదురుకుంటుంది. స్టిక్కులోని చిప్పే పోతే రబ్బరు ఏమీ చేయలేదు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు మునిగినప్పుడు నీరు తగిలిన యంత్రాల సంగతీ ఇక్కడ చెప్పుకోవాలి. ఆరబెట్టాక వెలిగిందంటే బతికిందని అర్థం కాదు. నీటిలోని లవణాలు బోర్డు మీద మిగిలి, తేమా కరెంటూ తోడై రాగిని నెలల తరబడి తింటాయి. అటువంటి యంత్రంలో ఒక యూఎస్‌బీ పోర్టు అప్పుడప్పుడు మాయమవుతుంది, డీమెసేజ్‌లో పరికరం ఊడినట్టూ తగులుకున్నట్టూ వరుసలు పడతాయి, పక్కన మైనస్ 71 కనిపించవచ్చు. పరికరంతో మాట పొత్తు కుదరలేదని ఆ సంఖ్య అర్థం. దాని మూలం సాధారణంగా కేబులో, పోర్టో, చాలని కరెంటో. అదే పరికరం అదే కేబుల్‌తో ఇంకో పోర్టులో నిలకడగా ఉంటే తీర్పు వచ్చినట్టే.

లైవ్ పెన్‌డ్రైవ్ అనే తూకపురాయి

డిస్కును తాకకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లైవ్ పద్ధతి లినక్స్‌లో ఉన్న గొప్ప సౌకర్యం. దీన్ని ఎక్కించడానికి ముందు మెట్టుగా మాత్రమే చూడటం దాన్ని తక్కువ చేయడమే. ఎక్కించిన సిస్టమ్‌లో పనిచేయని మైకు, వేరే డిస్ట్రో లైవ్‌లో పనిచేస్తే మైకు మంచిదే. రెంటి కెర్నల్ వెర్షన్‌లను ‘యూనేమ్ మైనస్ ఆర్’తో పోల్చితే సగం కారణం తేలుతుంది. రెండు మూడు కొత్త లైవ్‌లలోనూ, విండోస్‌లోనూ పనిచేయకపోతే పరికరం మీదే అనుమానం నిలుస్తుంది. లైవ్‌లో డిస్కే కనిపించకపోతే భయపడే ముందు బయోస్‌లో డిస్కు పద్ధతి చూడాలి. ఇంటెల్ ఆర్ఎస్‌టీ లేదా రెయిడ్ అని ఉంటే ఇన్‌స్టాలర్‌కు డిస్కు కనబడకపోవచ్చు, ఏహెచ్‌సీఐకి మార్చితే కనిపిస్తుంది. విండోస్ కూడా ఉంచుకునేవారు దాన్ని ముందుగా సేఫ్ మోడ్‌లో వెలిగేలా పెట్టి ఆ తర్వాతే మార్చాలి. లేకపోతే విండోస్ వెలగడం మానేస్తుంది.

ప్రింటర్ల విషయంలో లైవ్ అంతగా తోడ్పడదు. జిరాక్స్ షాపుల్లోనూ చిన్న ఆఫీసుల్లోనూ తరచుగా కనిపించే కానన్ ఎల్‌బీపీ2900 వంటివి పేజీని రూపొందించే పనిని కంప్యూటర్ మీదికే నెట్టి, క్యాప్ట్ అనే సొంత భాషలోనే మాట్లాడతాయి. వాటికి విడి డ్రైవర్ తప్పదు. నెట్‌వర్క్ ప్రామాణిక భాషలు తెలిసిన కొత్త ప్రింటర్లు ఏమీ ఎక్కించకుండానే పలుకుతాయి.

దుకాణంలో కొనే ముందు

ఇంత వెతుకులాటలో చాలా భాగం కొనే రోజునే జరగవచ్చు. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కోసం వెళ్లేటప్పుడు జేబులో ఒక లైవ్ పెన్‌డ్రైవ్ ఉంటే కౌంటర్ దగ్గరే ఎల్ఎస్‌పీసీఐ జాబితా చూసి వైఫై చిప్పు ఏదో, దాన్ని డ్రైవర్ పట్టుకుందో లేదో తెలుసుకోవచ్చు. ‘యూపవర్’ ఆదేశం బ్యాటరీ పుట్టినప్పటి సామర్థ్యాన్నీ ఇప్పటి నిండు సామర్థ్యాన్నీ పక్కపక్కన చూపుతుంది. 48 వాట్ అవర్ల బ్యాటరీ ఇప్పుడు 24 అని చూపితే అది సగం బ్యాటరీ. స్మార్ట్‌సీటీఎల్‌లో డిస్కు నడిచిన గంటల లెక్క కూడా ఉంటుంది. 20,000 గంటలంటే రోజుకు ఎనిమిది గంటల చొప్పున దాదాపు ఏడేళ్ల చాకిరీ. డిస్కు మధ్యలో మార్చి ఉండవచ్చు కనుక తక్కువ గంటలు యంత్రం వయసుకు రుజువు కావు. మూత మూసి, రెండు నిమిషాలు ఆగి తెరిస్తే నిద్ర నుంచి సరిగ్గా లేస్తుందో లేదో తెలుస్తుంది. స్పీకరు, కెమెరా, ప్రతి యూఎస్‌బీ పోర్టూ చూడటానికి మరో ఐదు నిమిషాలు.

పెన్‌డ్రైవ్ నుంచి వెలిగించడానికి బయోస్‌లోకి వెళ్లగానే పాస్‌వర్డ్ అడిగితే మాత్రం ఆగాలి. కార్యాలయాల నుంచి వచ్చిన యంత్రాల్లో పాత సంస్థ పెట్టిన తాళం అలాగే మిగిలిపోయి ఉండవచ్చు. అది ఉన్నంతకాలం సెక్యూర్ బూట్ మార్చడం, డిస్కును ఏహెచ్‌సీఐకి తేవడం, ఆపి ఉంచిన వైఫైని తెరవడం ఏదీ కుదరదు. ఆ తాళం తీయించే బాధ్యత అమ్మేవారిది, అదీ డబ్బు చేతులు మారక ముందే.